ఎంజీబీ వెనక యాక్సిల్: బాంజోనా, ట్యూబా?

క్లచ్ వదలగానే వెనక నుంచి 'టక్'మని చప్పుడా? పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలో ఎక్కువసార్లు అరిగేది డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల అమరిక) లోపలి థ్రస్ట్ వాషర్లే (గేర్ల వెనక ఉండే పల్చటి బిళ్లలు). వాటిని మార్చడం ఎంత సులువో మీ యాక్సిల్ రకాన్ని బట్టి ఉంటుంది.

1962 నాటి తొలి రోడ్‌స్టర్లకు (గట్టి పైకప్పు లేని రకం) వచ్చింది బాంజో యాక్సిల్. జీటీకి (గట్టి పైకప్పు రకం) 1965లో మొదటి నుంచీ ట్యూబ్ యాక్సిలే. 1967లో రోడ్‌స్టర్లూ దానికి మారాయి. వెనక బోల్టులతో విప్పే మూత ఉంటే అది ట్యూబ్.

బాంజోలో హాఫ్ షాఫ్టులు (చక్రాలను తిప్పే కడ్డీలు) లాగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వచ్చే కడ్డీ) విప్పితే డిఫరెన్షియల్ మొత్తం ముందువైపు నుంచి ఊడొస్తుంది. బరువుంటుంది, కింద జాక్ పెట్టండి. కానీ బల్ల మీద, వెలుతురులో ప్రతి పన్నూ చూసుకోవచ్చు.

ట్యూబ్‌లో వాషర్లు మాత్రమే అయితే కారు కిందే పనైపోతుంది. ఆయిల్ దించి, మూత తీసి, షాఫ్టులు కాస్త బయటికి లాగి, రోల్ పిన్ కొట్టి పినియన్ పిన్ (చిన్న గేర్లను పట్టి ఉంచే ఇరుసు) తీస్తే చాలు, చిన్న గేర్లు తిరుగుతూ బయటికొస్తాయి. బేరింగులూ పోతే మాత్రం కేసింగ్‌ను (డిఫరెన్షియల్ ఉండే పెట్టె) కాస్త సాగదీసే స్ప్రెడర్ కావాలి. అది లేకుండా గునపంతో పెకలించవద్దు, కేసింగ్ పాడవుతుంది.

వాషర్లకైతే నా ఓటు ట్యూబ్‌కే. పూర్తి రిపేరుకు బాంజో ఎంతో నయం.