పాపియానా, లాంగ్ వాకా: ఏది మేలు?

ప్రొద్దుటూరు ఎం.వి. రమణారెడ్డి ‘రెక్కలు చాచిన పంజరం’గా తెలుగు చేసిన పుణ్యాన, మన కడప వైపు, జైలు నుంచి పారిపోయిన ఖైదీ ఆత్మకథ ‘పాపియాన్’ గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. “అంతా కట్టుకథంట కదా, ఇంక చదివేదేముంది?” అంటారు కొందరు. “నిజమో అబద్ధమో, పట్టుకుంటే వదల్లేదబ్బా” అంటారు ఇంకొందరు. వాదన చివర్లో మాత్రం ఒకటే ప్రశ్న: దాని బదులు, అలాంటిదే ఇంకో పారిపోయినవాడి కథ ‘ది లాంగ్ వాక్’ చదివితే పోదా?

అనుమానం రెండింటి మీదా ఉంది. హెన్రీ షారియర్ రాసిన ‘పాపియాన్’ 1969లో వచ్చింది. మరుసటి ఏడే దాన్ని తూర్పారబడుతూ ఫ్రాన్స్‌లో వేరే పుస్తకాలు వచ్చాయి. ఆయన తప్పించుకున్నానన్న, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా తీరంలో ఉన్న డెవిల్స్ ఐలాండ్ ప్రధానంగా రాజకీయ ఖైదీల దీవి. ఈయనదేమో హత్య కేసు. రికార్డుల్లో ఆయన అక్కడున్న దాఖలా లేదు. 1956లో వచ్చిన ‘ది లాంగ్ వాక్’లో పోలండ్‌వాడు స్లావొమిర్ రావిచ్, సైబీరియా ఖైదీల క్యాంపు నుంచి పారిపోయి హిమాలయాలు దాటి ఇండియా దాకా ఇంచుమించు 6,400 కిలోమీటర్లు నడిచొచ్చానని చెప్పాడు. 2006లో బీబీసీ బయటపెట్టిన కాగితాల ప్రకారం, సోవియట్ ప్రభుత్వం పోలండ్ ఖైదీలకిచ్చిన క్షమాభిక్షలో 1942లోనే విడుదలై ఇరాన్‌కు చేరాడు.

ఎంత శాతం అబద్ధమన్న లెక్క నాకు ముఖ్యం కాదు. అనుమానమున్న భాగం తీసేస్తే ఏం మిగులుతుందో చూడాలి.

‘పాపియాన్’లో కొబ్బరికాయల బస్తాల మీద సముద్రం దాటడం, గువాహిరా ఆదివాసుల పల్లెలో కాపురం తీసేయండి. ఫ్రాన్స్ తన ఖైదీలను పంపిన గయానా జైలు మిగులుతుంది. ఖైదీలు డబ్బును ‘ప్లాన్’ అనే అల్యూమినియం గొట్టంలో పెట్టి, మలద్వారంలో దాచుకునేవాళ్లు. షారియర్ గొట్టం 6 సెంటీమీటర్ల పొడవు, బొటనవేలంత లావు, నడిమధ్య మర తిప్పితే విడిపోతుంది. సెయింట్ జోసెఫ్ దీవిలో ఏకాంత కొట్లకు పైకప్పు బదులు ఇనుప కమ్మీలు. వాటి మీద కాపలావాడి నడక, కింద మాట్లాడకూడదన్న ఆజ్ఞ. ఎనిమిదేళ్లకు తక్కువ శిక్ష పడితే, అది ముగిశాక మళ్లీ అన్నేళ్లు గయానాలోనే ఉండాలి. ఎనిమిది, ఆపైన పడితే బతికినంతకాలం. ఇది 1854 చట్టం. జైలు సంగతులు ఎవరికి జరిగినా జరిగినవే.

‘లాంగ్ వాక్’లో నడక తీసేస్తే? పుస్తకమే లేదు. పైగా గోబీ ఎడారిలో రోజుల తరబడి నీళ్లు లేకుండా నడిచారంటాడు. అనంతపురం ఎండలో ఒక్క పూట తిరిగినవాడెవడైనా అక్కడ ఆగిపోతాడు. హిమాలయాల్లో యెతి (కథల్లోని మంచుమనిషి) లాంటి జంతువులు కనిపించాయన్న చోట నాకు మిగిలిన నమ్మకం కూడా పోయింది. చదివించే శక్తి లేదనను. కానీ ఆ శక్తంతా “ఇది నిజంగా జరిగింది” అన్న మాట మీదే నిలబడింది.

కాబట్టి నా ఓటు ‘పాపియాన్’కే. కానీ ఒంటరిగా కాదు. అదే గయానా నుంచి 1935లో, రాతప్రతిని నూనెగుడ్డలో చుట్టుకుని పారిపోయిన రెనే బెల్బెన్వా 1938లో ‘డ్రై గిలటిన్’ వేశాడు. జైలు రోజువారీ బతుకుకు సంబంధించి ఏ చోట సందేహమొచ్చినా దాంతో సరిచూసుకోండి. ఆయనకు కథ చెప్పే ఒడుపు తక్కువ, అందుకే ముందు దాన్ని పట్టుకోవద్దు.

జైలు నుంచి పారిపోయి బొంబాయి చేరినవాడి కథ ‘శాంతారామ్’ సంగతీ అడుగుతుంటారు. అది నవలగానే వచ్చింది, ఈ తగాదాలోకి రాదు. సినిమాతో సరిపెట్టుకుంటామంటే 1973 నాటి ‘పాపియాన్’ చూడండి, 2017 నాటిది చూడకపోయినా పర్వాలేదు.