గండికోట టెంట్లలో చీకటి దొరకదు

కడప జిల్లాలో పెన్నా లోయ అంచున ఉన్న గండికోటలో టెంటు బుక్ చేసేవాళ్లు ధర అడిగే ముందు ఒక్క మాట అడగండి: రాత్రి లైట్లు ఎన్నింటికి ఆపుతారు? ఆ మాటకి సూటిగా జవాబు చెప్పని వాళ్ల దగ్గర బుక్ చేయకండి. మా దగ్గర మనిషికి 1,800 చొప్పున నలుగురికి 7,200 తీసుకున్నారు, అందులో సగం ముందే ఫోన్‌పేలో పంపాం. వాళ్ల ప్రకటనలో 'స్టార్ గేజింగ్' అని పెద్ద అక్షరాలతో ఉంది. మాకు కనిపించిన స్టార్లు స్తంభానికి రెండేసి చొప్పున కట్టిన ఫ్లడ్‌లైట్లు.

2023 డిసెంబర్ మూడో వారంలో, చుక్కల ఫోటోలు తీద్దామని వెళ్లాం. ఏటా డిసెంబర్‌లో వచ్చే జెమినిడ్ ఉల్కలు బాగా రాలేది 13, 14 తేదీల్లో. ఆ రోజుల్లో పిల్లాడికి స్కూలు, మా ఆయనకి ఆఫీసు, కాబట్టి శనివారం దాకా ఆగాల్సి వచ్చింది. అయినా ఇబ్బంది లేదు, అమావాస్య దాటి నాలుగు రోజులే అయింది, నెలవంక రాత్రి పదిలోపే దిగిపోతుంది. మా తమ్ముడు తన నికాన్ డి750 కెమెరా, 14-24 లెన్సు, చిన్న 50 లెన్సు ఇచ్చాడు. లెన్సు అంకె చిన్నదైతే ఫోటోలో ఎక్కువ వెడల్పు పడుతుంది, పెద్దదైతే దూరానివి దగ్గరికొస్తాయి. వాటితో పాటు పావుగంట వాయిస్ మెసేజ్ కూడా పంపాడు. సారాంశం: కెమెరా లోపల వెలుగు పడే సెన్సార్ ముట్టుకోకు, 14-24 ముందు అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది, దానికి అడ్డంగా బిగించే మామూలు ఫిల్టర్ అద్దం పట్టదు, కాబట్టి బండల మీద పెట్టకు, బావకి ఇవ్వకు. ఆ చివరిది మా ఆయన విన్నాడు. కర్నూలు దాకా మాట్లాడలేదు.

ఇవి కాక హైదరాబాద్‌లో ఒక షాపు నుంచి టామ్రాన్ 150-600 లెన్సు రోజుకి 1,200, ట్రైపాడ్ రోజుకి 200 చొప్పున రెండు రోజులకి అద్దెకి తెచ్చాను. డిపాజిట్ పదివేలు. లెన్సు ఒక్కటే రెండు కిలోల బరువు. "ఆ డబ్బుతో ఇంకో రోజు హోటల్లో ఉండేవాళ్లం" అని మా ఆయన లెక్క. ఆయన లెక్కలు ఎప్పుడూ హోటల్ గదుల్లోనే ఉంటాయి.

దారిలో బెలూం గుహలు చూశాం. మొత్తం 3,229 మీటర్ల పొడవు అని రికార్డు, మనల్ని పంపేది అందులో ఒకటిన్నర కిలోమీటర్లే. అది చాలు. లోపల కోటిలింగాలనే చోట పైనుంచి వేలాడే రాతి ఊడల్ని చూస్తూ మావాడు నోరు తెరిచాడు, ఈ మధ్య వాడు దేనికీ తెరవడం లేదు. కెమెరా తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. లోపల ఉక్క, వేడి. ఏసీ కారులోంచి తీసి నేరుగా లోపలికి తీసుకెళ్తే అద్దం మీద తెల్లగా ఆవిరి పట్టేస్తుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. చేరడానికి ఓ అరగంట ముందే ఏసీ ఆపి కిటికీలు దించేశాను, బ్యాగు జిప్పు మూసే ఉంచాను. ఇంట్లోవాళ్లు కాస్త సణిగారు గానీ లోపల తీసిన ఫోటోలు ఒక్కటీ మసకబారలేదు. మా పక్కన ఒకాయన చొక్కా అంచుతో లెన్సు తుడుచుకుంటూనే గుహ లోపలి పాతాళగంగ దాకా వెళ్లి వచ్చేశాడు.

టెంట్ల దగ్గరికి నాలుగింటికి చేరాం. మాకు చెప్పింది లోయ కనిపించే వరస. ఇచ్చింది జనరేటర్ పక్క వరస. "రేపు ఖాళీ అయితే మారుస్తాం మేడమ్" అన్నాడు మేనేజర్, మేం ఉండేది ఒక్క రాత్రేనని తెలిసి కూడా. అత్తయ్యకి మెత్తటి పరుపు కావాలంటే 300, కారు పెట్టుకోవడానికి 100. ఇవేవీ ముందు చెప్పినవి కావు. నలభై టెంట్లకి రెండు బాత్రూములు, అందులో ఒకదానికి గడియ లేదు. మావాడిని బయట కాపలా పెట్టి అత్తయ్య వెళ్లొచ్చింది.

ఏడింటికి లైట్లు వెలిగాయి. తెల్లటి ఫ్లడ్‌లైట్లు, టెంట్ల మీదుగా రంగురంగుల సీరియల్ బల్బులు, వాటికి తోడు డీజే. నక్షత్రాల ఫోటోకి షట్టర్ ఇరవై సెకన్లు తెరిచి ఉంచాలి. అక్కడ ఐదు సెకన్లకే ఫ్రేము తెల్లగా వెలిసిపోయింది. వెళ్లి అడిగాను, మా వైపు ఉన్న రెండు లైట్లైనా ఆపమని. "లైట్లు ఆపితే పాములొస్తాయి మేడమ్." సరే, డీజే దగ్గరున్న రంగుల లైట్లకి పాములతో పనేంటి? అక్కడున్న కుర్రాడు చేతులు తిప్పుతూ అన్నాడు: "అందురూ ఎంజాయ్ చేస్తాండారు మేడమ్, మీరొక్కురే చీకటి కావాలంటాండారు." అందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు. చీకటి అమ్ముతానని డబ్బు తీసుకుంది వాళ్లే. మా ఆయన పక్కనుంచి "పోనీలే, ఊరుకో" అన్నాడు. కోపంలో ఉన్నవాళ్లతో ఊరుకో అనడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

భోజనం గురించి ఒక్క ముక్క: చల్లారిన అన్నం, నీళ్లలాంటి సాంబారు, పనీర్ కూరలో పనీర్ వెతుక్కోవాలి.

ఆ రాత్రిని ఎనిమిదిన్నరకి కాపాడింది, మా ఆయన దండగ అన్న ఆ రెండు కిలోల లెన్సే. ఎంత వెలుతురున్నా గురుగ్రహం దాగదు. ఆ నెలలో సరిగ్గా ఆ వేళకి దాదాపు నడినెత్తిన ఉంది. నడినెత్తికి 600 లెన్సు తిప్పడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ట్రైపాడ్ తల ఒరిగిపోతుంది, కంటితో చూడాలంటే నేల మీద పడుకోవాలి. అదృష్టం కొద్దీ డి750కి వెనక తెర బయటికి లాగి పైకి తిప్పుకునే వీలుంది. తెర మీద పెద్దది చేసి, చేత్తో ఫోకస్ తిప్పుతూ పోతే, పిండి ముద్దలా ఉన్న వెలుగు బిగుసుకుని చిన్న గుండ్రటి బిళ్ల అయింది. షట్టర్ కొంచెం ఎక్కువ సేపు తెరిచి తీస్తే పక్కన ఒకే వరసలో చుక్కలు. అవి గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రులు, గెలీలియో 1610లో చూసింది వాటినే. మీట నొక్కినప్పుడు వణుకు రాకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాను, ఆ రెండు సెకన్లూ ఎవరూ నడవకూడదని మావాడు అందరికీ ఆర్డర్ వేశాడు.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "అయితే నేను ఇన్నాళ్లూ గురువారాలు ఒంటిపూట ఉంటున్నది ఈయన కోసమేనా!" అంది. ఆవిడ గొంతు విని పక్క టెంటు కుర్రాళ్లు వచ్చారు. డీజే దగ్గర ఎగురుతున్నవాళ్లే, ఊరు ప్రొద్దుటూరట. ఒక్కొక్కరే వరసలో నిలబడి చూసి, "అక్కా, ఇది నిజంగా ఇప్పుడు పైనుండేదేనా?" అని తల ఎత్తి మళ్లీ చూసుకున్నారు. వాళ్లే వెళ్లి పాటల సౌండ్ కాస్త తగ్గించారు. లైట్లు ఆపే అధికారం మాత్రం వాళ్లకి లేదు. అప్పటినుంచీ లెన్సు బ్యాగు మా ఆయన భుజానికెక్కింది. అద్దె సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఒకటిన్నరకి డీజే ఆగింది, జనం పడుకున్నారు, లైట్లు మాత్రం అలాగే వెలుగుతున్నాయి. మేనేజర్ జాడ లేదు. కర్ర పట్టుకుని తిరుగుతున్న వాచ్‌మన్ తాత నన్ను చూసి "ఏంమ్మా, నిద్ర పట్టలేదా?" అన్నాడు. సంగతి చెప్పాను. "దానికేముండాది, ఆపేస్తా ఉండు" అని స్తంభం దగ్గరికి వెళ్లి మీట కిందికి లాగాడు. అంతే. పాములేవీ రాలేదు.

అప్పుడు చూడాలి ఆకాశాన్ని. లెన్సు 14 దగ్గర పెట్టి, దాని కన్ను పూర్తిగా తెరిచి (ఎఫ్ 2.8), వెలుగు పట్టే సెట్టింగు ఐఎస్‌ఓ 3200కి పెంచి, షట్టర్ ఇరవై సెకన్లు. 500ని లెన్సు అంకెతో భాగిస్తే వచ్చినన్ని సెకన్ల లోపు చుక్కలు గీతలు కావంటారు. 14కి 35 సెకన్లు వస్తుంది గానీ నేను ఇరవై దాటనివ్వను, ఫోటో పెద్దది చేస్తే తేడా తెలుస్తుంది. నైరుతిలో మృగశిర, దానికి కుడివైపు పడమట కృత్తికలు. పరుపు గుచ్చుకుంటోందని లేచి వచ్చిన అత్తయ్య శాలువా కప్పుకుని "అదిగో పిల్లలకోడి, చిన్నప్పుడు డాబా మీద పడుకుంటే దాన్ని చూసే టైము చెప్పేది మా అమ్మ" అని కృత్తికల్ని చూపించింది. ఒక ఉల్క ఫ్రేము అంచున పడింది, సన్నగా, తల దగ్గర ఆకుపచ్చగా. ఆ రాత్రి మంచి ఫోటో అదే. తెల్లారి మేనేజర్ దాన్ని తన ప్రకటనకి పంపమని అడిగాడు. 7,200 వెనక్కిస్తే పంపుతానన్నాను.

ఉదయం లోయ దగ్గర సూర్యోదయం ఆరున్నర దాటాక. జనం విపరీతం, మేం వెళ్లినప్పుడు అంచున కంచె లేదు, పిల్లల చెయ్యి వదలకండి. ఒకటి గట్టిగా చెప్తాను: పెన్నా లోయకి మరీ వెడల్పు లెన్సు వాడకండి. 14 దగ్గర తీస్తే ఎదురు గట్టు ఎక్కడికో వెళ్లిపోయి లోయ సన్నగా చిక్కిపోతుంది. 50 లెన్సుతో పక్కపక్కన నాలుగు తీసి కలిపితేనే ఆ ఎర్ర బండల బరువు ఫోటోలోకొస్తుంది. పది దాటాక పెద్ద లెన్సు కూడా లోపల పెట్టేయండి. ఎండకి గాలి అలలు కొట్టి ఎదురు గట్టు మీద మేకలు కూడా మసకగా వస్తాయి. లెన్సులు మార్చాలంటే కార్లో కూర్చుని తలుపులేసుకుని మార్చండి, అక్కడి దుమ్ము మామూలుది కాదు. మాధవరాయ గుడి, జామా మసీదు, పక్కన ధాన్యాగారం హాయిగా చూశాం.

వాళ్లు ఇచ్చే టిఫిన్ వద్దనుకుని జమ్మలమడుగు వచ్చేశాం. బస్టాండు దాటాక రేకుల షెడ్డులో ఒక పెద్దమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది, ప్లేటు 40. బొరుగులు నీళ్లలో ముంచి పిడికిలితో పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాళింపులో వేసి, పసుపు చల్లి, పుట్నాల పొడి దండిగా కలిపింది. నిమ్మకాయ మన కళ్ల ముందే పిండింది. బజ్జీ నూనెలోంచి తీసి నేరుగా ప్లేట్లోకే. మావాడు మూడు ప్లేట్లు తిన్నాడు. రాత్రి భోజనానికి, ఈ 40 రూపాయలకి మధ్య తేడా చూసి మా ఆయన కూడా, "టెంటు వాడిని ఊరికే వదిలేశాం" అన్నాడు. ఇప్పుడా అనడం!

ఈసారి వెళ్తే రాత్రికి అక్కడే ఉన్న టూరిజం వాళ్ల హరిత హోటల్లో గది తీసుకుంటాం, శనివారం మాత్రం వెళ్లం. ట్రైపాడ్ తప్పదు. పెద్ద లెన్సు గ్రహాలు పైనున్న నెలల్లో అయితేనే.

అద్దె సామాను ఇచ్చేటప్పుడు షాపులో కుర్రాడు లెన్సు ముందు తొడిగే హుడ్ మీద గీత చూపించి రెండువేలు అన్నాడు. తీసుకున్న రోజే కౌంటర్ మీద పెట్టి చుట్టూ తీసిన వీడియో చూపించాను, గీత అందులోనే ఉంది. పదివేలూ అప్పటికప్పుడు వెనక్కి పంపాడు.