నీట్‌కి ఏది మేలు: రోజుకో గ్రాండ్ టెస్టా, వారానికి ఒకటా?

సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం గాజువాక నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. సంచిలోంచి ప్రశ్నపత్రాల కట్ట తీసి టీపాయ్ మీద పెట్టారు. లెక్కపెడితే ముప్పై నాలుగు గ్రాండ్ టెస్టులు, అంటే అసలు నీట్‌లాగే మూడు గంటలు రాసే పూర్తి టెస్టులు.

"ఏటి మేడమ్, ఇన్ని రాసినా మార్కులు అక్కడే ఉండిపోతన్నాయి. ఇంకో టెస్ట్ సిరీస్ కొనీమంటారా?"

పాప తలొంచుకుని కూచుంది. కట్టలోంచి ఒక పేపరు లాగి చూశాను. పైన తేదీ, వచ్చిన మార్కులు రాసి ఉన్నాయి. లోపల మాత్రం పరీక్ష అయ్యాక పెన్ను పెట్టిన గుర్తు ఒక్కటీ లేదు. ఇంకోటి తీశాను, అదీ అంతే. రాయడం, వాట్సాప్‌లో వచ్చిన మార్కులు చూసుకుని బాధపడడం, మర్నాడు ఇంకో టెస్టుకి కూర్చోవడం. ఆ పిల్ల కష్టపడలేదని ఎవరూ అనలేరు. ముప్పై నాలుగు సార్లు మూడేసి గంటలు కూర్చుంది. ఆ కష్టం తనకి తిరిగి రాలేదని నాకు చాలా బాధేసింది.

ఎంసెట్ రోజుల నుంచీ బైపీసీ పిల్లలకి జువాలజీ చెప్తున్నాను. మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా ఎంబీబీఎస్ సీట్లు 2017 నుంచి నీట్ ర్యాంకుతోనే ఇస్తున్నారు. అప్పట్నుంచి తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, గ్రాండ్ టెస్టు రోజుకొకటి రాయాలా, వారానికి ఒకటి చాలా అని. నా జవాబు ముందే చెప్పేస్తాను: వారానికి ఒకటి రాసి, దాన్ని రెండు రోజులు విప్పి, అంటే ఏ తప్పు ఎందుకు జరిగిందో చూసుకోవడమే మేలు.

టెస్టులు వద్దని నా ఉద్దేశం కాదు. మళ్లీ మళ్లీ చదవడం కంటే టెస్టు రాయడమే బాగా గుర్తుంచుతుంది. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. కాలేజీ విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి, దాన్ని ఒకసారి మళ్లీ చదివించారు. ఇంకో పాఠమైతే చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాలకి అడిగితే మళ్లీ చదివిందే ఎక్కువ గుర్తుంది, 81 శాతం. రాసింది 75. వారం తర్వాత అడిగితే తారుమారైంది: చదివింది 42, రాసింది 56. పిల్లలు "చదివితే అంతా వచ్చేసినట్టుంటది మేడమ్, హాల్లో కూర్చుంటే రాదు" అంటుంటారే, సంగతి ఇదే.

కానీ అక్కడ పిల్లలు తెల్ల కాగితం మీద సొంతంగా గుర్తుచేసుకుని రాశారు. నీట్‌లో నాలుగు ఆప్షన్లుంటాయి, అందులో మూడు తప్పులే. తప్పుదాన్ని ఎంచుకుని, కీ చూసుకోకుండా వదిలేస్తే ఆ తప్పే సమాధానమని మనసులో దిగిపోయే ప్రమాదం ఉంది. ఇదే రోడిగర్ ఎలిజబెత్ మార్ష్‌తో కలిసి 2005లో దాన్నీ చూపించారు. అంటే విప్పి చూడని గ్రాండ్ టెస్టు సాయం చెయ్యకపోవడమే కాదు, కొంత చెరుపు కూడా చేస్తుంది.

ఆ రోజు ఆ పాపతో ఒక పేపర్లో జువాలజీ తప్పులు నాలుగు విప్పించాను. ఒకటి గుండె మీద బిట్టు, ట్రైకస్పిడ్ కవాటం ఎక్కడుంటుందని. ఎడమవైపు పెట్టింది. "చాప్టర్ మళ్లీ చదవాలి" అని రాసుకోబోయింది. ఆగమని, ఎందుకు ఎడమ పెట్టావో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, "బొమ్మలో ఇటువైపు ఉంటది కదా మేడమ్" అని తన ఎడమ చెయ్యి చూపించింది. అప్పుడు దొరికింది అసలు తప్పు. పుస్తకంలో గుండె బొమ్మ మనకెదురుగా నిలబడ్డ మనిషిది. దాని కుడి మన ఎడమకి వస్తుంది. ఆ పిల్లకి కవాటాల పేర్లన్నీ వచ్చు. బొమ్మ చూడ్డంలో జరిగిన ఒక్క పొరపాటు వల్ల గుండె మీద బిట్టు వచ్చిన ప్రతిసారీ మార్కు పోతోంది. పాత పేపర్లు వెతికితే అదే తప్పు ఇంకో రెండు చోట్ల కనిపించింది. చాప్టర్ పదిసార్లు చదివినా ఇది పోదు, ఇంకో యాభై టెస్టులు రాసినా పోదు. నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయించాను: "బొమ్మలో గుండె కుడి, నా ఎడమ."

ఈ నోటుబుక్కులో ప్రశ్న మొత్తం ఎక్కించక్కర్లేదు. ఎందుకు తప్పు పెట్టానన్నది సొంత మాటల్లో ఒక వాక్యం చాలు. అసలు రాదా, వచ్చినా "సరికానిది ఏది" అన్న మాట చూడలేదా, సెంటీమీటర్లని మీటర్లలోకి మార్చడం మర్చిపోయానా, ఊహించి పెట్టానా? ఊహించిన బిట్ల కోసం, టెస్టు రాస్తున్నప్పుడే ప్రశ్నపత్రంలో ఆ నంబరు పక్కన చుక్క పెట్టమంటాను. సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి కోత. అంటే ఒక్క బిట్టు తప్పు నుంచి ఒప్పుకి మారితే అయిదు మార్కుల తేడా. నాలుగింట్లో రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిస్తే, ఊహించడం లాభమే. ఏమీ తెలియకుండా పెడితే లెక్క ప్రకారం బిట్టుకి పావు మార్కు మిగులుతుంది, కానీ ఆప్షన్లు ఇచ్చేవాళ్లు పిల్లలు సరిగ్గా ఎక్కడ పొరబడతారో చూసుకునే ఇస్తారు. కాబట్టి చుక్కలు పెట్టినవాటిలో ఎన్ని ఒప్పయ్యాయో నాలుగైదు టెస్టులకి లెక్క తీస్తే, మీ పిల్ల ఊహని ఎంతవరకు నమ్మొచ్చో తెలిసిపోతుంది.

ఇక ఏ పేపర్లు రాయాలి, పాతవా, కోచింగ్ వాళ్ల గ్రాండ్ టెస్టులా? ప్రశ్న అడిగే తీరు తెలియడానికి పాత నీట్ పేపర్లని మించింది లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో వాక్యాన్ని ఎలా మెలిపెడతారో అందులోనే కనిపిస్తుంది. చిక్కేమిటంటే 2024 పరీక్షకి సిలబస్ తగ్గించారు. సాలిడ్ స్టేట్, పాలిమర్స్, డైజెషన్ లాంటివి తీసేశారు. అందుకే పాత పేపర్లో వచ్చిన మార్కులు చూసి పొంగిపోకూడదు, కుంగిపోకూడదు, తీసేసిన బిట్లు కొట్టేసి లెక్కపెట్టాలి. 2021 నుంచి 2024 దాకా 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవాళ్లు. 2025లో మళ్లీ 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, ఛాయిస్ లేదు. కోచింగ్ పేపర్లు సిలబస్ ప్రకారమే ఉంటాయి గానీ, కొన్ని పనిగట్టుకుని కష్టంగా ఇస్తారు. ఫిజిక్స్‌కి అది మంచిదే. 2025 ఫిజిక్స్ చూసి ఏడ్చిన పిల్లల్ని నేను స్వయంగా ఓదార్చాను. బయాలజీకి మాత్రం నా ఓటు పాత పేపర్లకే.

ఫోన్లో రాయాలా, కాగితం మీదా? చాప్టర్ టెస్టులకి ఫోను చాలు. నీట్ నిర్వహించే ఎన్‌టీఏ వాళ్ల అభ్యాస్ యాప్, ఐఐటీ కాన్పూర్ నడిపే సాథీ ఉచితమే, కాబట్టి డబ్బులు లేవని ఏ పిల్లా ఆగిపోనక్కర్లేదు. పూర్తి టెస్టు మాత్రం కాగితం మీదే, జవాబులకి గుండ్రాలు నింపే ఓఎంఆర్ షీటుతోనే రాయాలి. ఒకసారి నా దగ్గరి పిల్లాడు ఒక బిట్టు వదిలేసి, ఓఎంఆర్‌లో ఆ వరస ఖాళీగా ఉంచడం మర్చిపోయాడు. అక్కణ్నుంచి ఇరవై రెండు జవాబులు ఒక్కో వరస పైకి జరిగిపోయాయి. ప్రాక్టీసులోనే జరిగింది కాబట్టి బతికిపోయాడు. ఫోన్లోనే రాసే పిల్లలకి ఆ పొరపాటు అసలు పరీక్ష హాల్లోనే మొదటిసారి ఎదురవుతుంది.

టైము సంగతి కూడా పట్టించుకోవాలి. 2025 పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు జరిగింది. టెస్టులేమో పొద్దున్నే రాయిస్తారు. మే నెల మన విశాఖలో, భోంచేసిన గంటకి, సముద్రపు ఉక్కలో అరచెయ్యి చెమట పట్టి ఓఎంఆర్‌కి అంటుకుంటుంటే రాయడం వేరే సంగతి. చేతి గడియారం లోపలికి రానివ్వరు, గోడ గడియారమే దిక్కు. అందుకే మా ఇంట్లో ఆదివారం టెస్టు సరిగ్గా రెండింటికే. ఇంట్లో చోటు లేనివాళ్లు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చోవచ్చు.

సిలబస్ సగం కూడా అవ్వని పిల్లకి మాత్రం వారానికొక గ్రాండ్ టెస్టు కూడా ఎక్కువే. చదవని పాఠాల మీద సున్నాలు చూసి గుండె జారిపోతుంది. అలాంటివాళ్లు నెలకొకటి రాసి, మిగతా రోజులు చాప్టర్ టెస్టులే రాయాలి. ఏప్రిల్ వచ్చాక వారానికి రెండు, మూడు దాకా పెంచుకోవచ్చు, అదీ నోటుబుక్కు నడుస్తుంటేనే. చివరి నాలుగు రోజులు కొత్త పేపరు ముట్టుకోకుండా ఆ నోటుబుక్కే చదవాలి.

ఆవిడ కొత్త టెస్ట్ సిరీస్ కొనలేదు. ఆ ముప్పై నాలుగులో ఎనిమిది పేపర్లు ఏరి, వారానికొకటి చొప్పున తప్పులు విప్పమని పాపకి ఇచ్చాను. మొదటి వారం ఫోన్ చేసి, "మేడమ్, ఒక్క పేపరుకే రెండు రోజులు పట్టింది, ఇంకా కెమిస్ట్రీ మిగిలింది" అంది. మూడో రోజు కూడా దానికే ఇవ్వమ్మా అన్నాను.