హిరోషిగే మజిలీల్లో నాలుగు రోజులు

జపాన్ చిత్రకారుడు హిరోషిగే వేసిన తొకైదో రహదారి బొమ్మలు చూసినప్పుడల్లా నా కళ్లు ముందు మనుషుల మీదకే పోతాయి. ఎవరు ఎక్కి కూర్చున్నారు, ఎవరు నడుస్తున్నారు, ఎవరు మోస్తున్నారు? 1830లలో అచ్చయిన ఆ వరుసలో ఎడో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటో దాకా 53 మజిలీలు. మేం నాలుగు చోట్ల దిగాం.

యుయిలో ఆయన పేరిట చిన్న మ్యూజియం ఉంది. బొమ్మలు మార్చి మార్చి పెడతారు, ఏవి ఉన్నాయో కనుక్కుని వెళ్లండి. మరికోలో చోజియా 1596 నాటి భోజనశాల. అన్నం మీద తురిమిన దుంప గుజ్జు పోసి పెడతారు, కమ్మగా ఉంటుంది. అందులో చేప రసం కలుస్తుంది కాబట్టి శాకాహారులకు కుదరదు. దారిలో ఒక పాతకాలపు బసలో వారం ముందే చెప్పినా మా ఆవిడకి చేపే వడ్డించారు, ఆ రాత్రి ఆమె ఉత్త అన్నంతో సరిపెట్టుకుంది. తర్వాత తొయొహాషి స్టేషన్ పక్కన మామూలు బిజినెస్ హోటల్ తీసుకున్నాం. గది ఇరుకు, కానీ శుభ్రం.

అక్కడికి దగ్గర్లోని ఫుతగావాకి మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వండి. 1635 నుంచి దైమ్యోలు, అంటే సంస్థానాల దొరలు, సొంత సంస్థానానికీ ఎడోకీ మధ్య వంతులవారీగా తిరగాలని దేశాన్నేలే సైనికాధిపతి షోగన్ నియమం పెట్టాడు. వాళ్లు దిగే హోంజిన్ ఇక్కడ నిలిచి ఉంది. పెద్ద గుమ్మం, లోపల దొర కూర్చునే గది నేల ఒక మెట్టు ఎత్తు. దాన్ని ఆనుకునే సెయిమెయ్యా, మామూలు జనం దిగిన పూటకూళ్ల ఇల్లు. గోడకి ఇటొకరు, అటొకరు. పుస్తకాల్లో ఎంత చదివినా నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

చివరి రోజు షిమాడాకి వెనక్కి వచ్చాం. ఆ కాలంలో ఓయి నదికి వంతెన లేదు. దొరని పల్లకీతో సహా కూలీలు మోసే చెక్క మంచె మీద దాటించేవారు, మామూలు బాటసారి కూలీ భుజాల మీద కూర్చునేవాడు. నీటి లోతును బట్టి కూలి. చీటీలు అమ్మిన కచేరీ, కూలీలు కాచుకున్న ఇళ్లు వీధి పొడవునా ఉన్నాయి. బోర్డులు ఎక్కువగా జపనీస్‌లోనే, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ పెట్టుకుని చదివాం. షోగన్ల పాలన పోయాక వచ్చిన కొత్త ప్రభుత్వం పడవలకి అనుమతి ఇచ్చాక ఆ కూలీలకి పని పోయింది. అప్పటికే షోగన్ కొలువు పోయిన సమురాయ్‌లు అవతలి మకినొహారా గుట్టల మీద తేయాకు వేస్తున్నారు. కూలీల్లో కొందరు కూడా అక్కడికే వెళ్లి తోటలు వేశారు. 1879లో కట్టిన హొరాయ్ చెక్క వంతెన మీద 897 మీటర్లు నడిచి వెళ్లి ఆ తోటలు చూశాం.