హార్ట్ ఎటాక్‌తో షాక్‌లోకి పోతే ఏది మేలు: బెలూన్ పంపా, ఎక్మోనా, ఇంపెల్లానా?

హార్ట్ ఎటాక్ వచ్చిన మనిషికి బీపీ 80కి పడిపోయి, చేతులు కాళ్లు చల్లబడి, యూరిన్ కూడా తగ్గిపోతే డాక్టర్లు షాక్‌లోకి పోయినాడంటారు, ఇంక కర్నూలోళ్లు హైదరాబాద్ అంటారు, అనంతపురమోళ్లు బెంగళూరు అంటారు, అక్కడ మిషన్లుంటాయని. ఆ మిషన్లు ఏం చేస్తాయో ముందే తెలిసుండాలి.

ఎక్కువ చోట్ల దొరికేది, చవకైనదీ బెలూన్ పంపు. తొడ దగ్గర నుంచి పెద్ద ధమనిలోకి ఎక్కిస్తారు, గుండె కొట్టుకునే తాళానికి ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉంటుంది. కానీ జర్మనీలో 600 మంది మీద చేసిన స్టడీలో (2012) నెలలోపు చనిపోయినోళ్లు బెలూన్ పెడితే 39.7 శాతం, పెట్టకపోతే 41.3, అంటే తేడా లేనట్టే.

ఎక్మో అంటే రక్తాన్ని బయటికి లాగి, ఆక్సిజన్ కలిపి, తిరిగి ఒంట్లోకి తోసే మిషన్. దాని పేరు బాలుగారికి పెట్టినప్పుడు ఇంటింటికీ తెలిసింది, అది కోవిడ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిన్నందుకు. గుండె షాక్‌లో కథ వేరే, మిషన్ వెనక్కి తోసే రక్తానికి ఎదురుగా నీరసించిన గుండె ఇంకా గట్టిగా కొట్టాల్సొస్తుంది. 2023 స్టడీలో ఎక్మోతో 47.8 శాతం, లేకుండా 49 శాతం చనిపోయారు, పెద్ద బ్లీడింగ్ మాత్రం 9.6 నుంచి 23.4 శాతానికి పెరిగింది.

ఇంపెల్లా అంటే గుండె ఎడమ గదిలోకే పోయే చిన్న పంపు, అక్కడి రక్తాన్ని లాగి ధమనిలో పోస్తుంది. 2024లో వచ్చిన ‘డేంజర్ షాక్’ అనే స్టడీలో ఆరు నెలలకి మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి తగ్గాయి. నా ఓటు దీనికే, అయితే అందరికీ కాదు, గుండె ఆగి కోమాలోకి పోయినోళ్లని ఆ స్టడీలో తీసుకోలేదు, పైగా ఖర్చు లక్షల్లో, బ్లీడింగూ డయాలసిస్ అవసరమూ ఎక్కువే, కాలికి రక్తం ఆగిపోవచ్చు కాబట్టి పాదం వెచ్చగా ఉందా నాడి అందుతోందా అని చూస్తూనే ఉండాలి.

వీటన్నిటికన్నా ముందు మూసుకుపోయిన రక్తనాళం తెరవాలి, ఇది 1999 నాటి స్టడీ నుంచి తెలిసిందే. కర్నూలు నుంచి హైదరాబాద్ 200 కిలోమీటర్ల పైనే, షాక్‌లో ఉన్న మనిషిని మిషన్ కోసం అంత దూరం మోసుకుపోయే బదులు ఊర్లోనే క్యాథ్ ల్యాబ్ (యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేసే గది) ఉంటే వెంటనే స్టెంట్ వేయించండి, లేకపోతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారా అని డాక్టర్నడిగి దగ్గర్లోని క్యాథ్ ల్యాబ్‌కి పోండి. పంపు అవసరమైతే అక్కడి నుంచి ఫోన్ చేసి, బెడ్డూ పంపూ రెడీగా ఉన్నాయని చెప్పినాకే పెద్ద హాస్పిటల్‌కి బయల్దేరండి.