ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలో ఉద్యోగం: విజయవాడ గోడౌన్, డెలివరీ హబ్ లోపలి సంగతులు

ఆర్డర్లు పెరిగినంత వేగంగా మనుషులు పెరగరు, సరుకు పెట్టే రాకులూ పెరగవు. ఎదుగుతున్న ఆన్‌లైన్ కంపెనీలో ఏ ఇబ్బంది వచ్చినా తవ్వి చూస్తే కారణం దాదాపు ఇదే. విజయవాడ చుట్టుపక్కల గోడౌన్‌లోనూ, పార్సిళ్లు ఇళ్లకు పంచే హబ్‌లోనూ చాలాకాలం పనిచేశాక నా అభిప్రాయం చెబుతున్నాను. డిగ్రీ అయ్యి మొదటి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు చేరదగ్గ చోటే ఇది. కాకపోతే ఏ సెక్షన్‌లో, ఎవరి పేరోల్ మీద చేరుతున్నారన్నది కంపెనీ పేరుకంటే ముఖ్యం.

ముందు జీతం. ఇంటర్వ్యూలో ఇరవై వేల పైన అంటారు. అది సీటీసీ, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. గ్రాస్ (కోతలకు ముందు జీతం) 18,000, అందులో బేసిక్ (మూల వేతనం) 15,000 అనుకుందాం. మీ వంతు పీఎఫ్ (భవిష్య నిధి) బేసిక్ మీద 12 శాతం అంటే 1,800. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) గ్రాస్ మీద 0.75 శాతం అంటే 135. వృత్తి పన్ను 150. ఈ 2,085 పోను చేతికొచ్చేది 15,915. కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 585 కూడా కలిపితే 20,385 అవుతుంది, ఇంటర్వ్యూలో చెప్పింది ఆ అంకె. రూము అద్దె, బండి ఈఎంఐ మాత్రం 15,915 మీదే లెక్కేసుకోండి.

ఈఎస్ఐ కోత చూసి చాలామంది విసుక్కుంటారు గానీ, ఈ పనిలో అది అక్కరకొచ్చేదే. గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. డ్యూటీలో దెబ్బ తగిలితే చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. జబ్బు చేసి సెలవు పెడితే, అర్హతకు సరిపడా 78 రోజుల చందా ఉన్నవాళ్లకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. అందుకే కార్డు తీసుకుని, ఇంట్లోవాళ్ల పేర్లు ఎక్కించుకుని మరీ పనిలో దిగండి.

ఫ్లోర్ మీద పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కంపెనీ మనుషులు కారు, ఏజెన్సీ మనుషులు. యూనిఫాం ఒకటే, జీతం ఇచ్చేది వేరేవాళ్లు. ఏజెన్సీ మారినప్పుడల్లా పాత యూఏఎన్ (ఏ ఉద్యోగంలో ఉన్నా మారని పీఎఫ్ నంబరు) నంబరే ఇవ్వాలి, లేకపోతే రెండు నంబర్లు తయారై పీఎఫ్ చెరో చోట ఇరుక్కుపోతుంది. కోసిన పీఎఫ్ పాస్‌బుక్‌లో పడుతోందా లేదా అని ప్రతి నెలా ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో చూసుకోండి. ఓటీకి (అదనపు గంటల పనికి) చట్టం ప్రకారం రెట్టింపు రేటు రావాలి. పేస్లిప్‌లో అది విడిగా కనిపించకపోయినా, దాని బదులు సెలవు తీసుకోమన్నా ఆ వారంలోనే మెయిల్‌లో అడగాలి. నోటిమాటగా అడిగింది నెలాఖరుకి ఎవరికీ గుర్తుండదు.

ఇక పని. లారీ రాగానే సీలు నంబరు కాగితంతో సరిచూస్తారు, సరుకు దించి ప్యాలెట్ల (చెక్క పలకల) మీద పేరుస్తారు, ఎంఆర్‌పీ, గడువు తేదీ చూసి ఇన్‌వార్డ్ ఎంట్రీ (లోపలికొచ్చిన సరుకు నమోదు) వేస్తారు. తర్వాత రాకుల్లో సర్దడం. గోడౌన్‌లో సగం గొడవలకు పుట్టిల్లు ఈ సర్దుడే. స్కానర్‌తో ముందు బిన్ (రాకులో ఒక గడి) బార్‌కోడ్, తర్వాత వస్తువు కొట్టి, అదే బిన్‌లో పెట్టాలి. తొందరలో పక్క బిన్‌లో పెడితే సిస్టమ్‌లో స్టాకు ఉంటుంది, ఆర్డర్ వస్తువులు ఏరి తెచ్చే పికర్ వెళ్లి చూస్తే అక్కడ ఉండదు. అతను ‘దొరకలేదు’ అని కొడతాడు, కస్టమర్‌కి ఆర్డర్ క్యాన్సిల్ మెసేజ్ వెళుతుంది, ఆడిట్‌లో షార్టేజ్ తేలుతుంది. వస్తువు మాత్రం జానెడు దూరంలోనే ఉంటుంది. అందుకే దొరకనప్పుడు ఎడమా కుడీ, పైనా కిందా నాలుగు బిన్లూ చూసి గానీ బటన్ నొక్కకండి. ఒకే టీషర్టులో ఎం సైజూ ఎల్ సైజూ ఒక బిన్‌లో ఎప్పుడూ పెట్టకూడదు. వేర్వేరు రకాల వస్తువులు ఒకే బిన్‌లో ఉంటే పికర్ పొరపడడు, పోలికగా ఉన్నవి ఉంటేనే పొరపడతాడు.

పికింగ్‌లో గంట టార్గెట్ స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. కొత్తవాళ్లు పరుగు పెడతారు, మధ్యాహ్నానికి మోకాళ్లు పట్టేస్తాయి. వేగం కాళ్లలో ఉండదు, ట్రాలీ పెట్టే చోటులో ఉంటుంది. వరుస మొదట్లో ట్రాలీ ఆపి ఒక్కో వస్తువుకీ తిరిగొస్తే రెండింతలు నడవాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద, అందులోనూ మెజ్జనైన్ (షెడ్డు లోపలే వేసిన మధ్య అంతస్తు) పై అంతస్తులో, వేడిగాలంతా పైకి చేరి మధ్యాహ్నం ఊపిరాడదు. పై అంతస్తు డ్యూటీ వంతులవారీగా వేయమని ముందే అడిగి రాయించుకోండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ పూర్తిగా లీటరు నీళ్లలో కలిపి తాగాలి, అర గ్లాసులో కాదు.

ప్యాకింగ్ తేలికనుకుంటారు. రవాణా ఖర్చు అసలు బరువు, కొలతల బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తారు. 30, 30, 20 సెంటీమీటర్ల డబ్బా 3.6 కిలోల లెక్కకు వస్తుంది, లోపల అరకిలో వస్తువున్నా సరే. చిన్న డబ్బాలు అయిపోయినప్పుడు పెద్ద డబ్బాలో పెట్టి పంపితే ఆ తేడా ప్యాకింగ్ టేబుల్ ఖాతాలో పడుతుంది. డబ్బాలు అయిపోయాయని ఆ షిఫ్ట్‌లోనే రాసిపెడితే మాట మీ మీదికి రాదు. గుంటూరు వైపు అమ్మకందారుల నుంచి వచ్చే పచ్చళ్ల సీసాలతో మరీ జాగ్రత్త. మూత కింద సీలు, పైన టేపు, రెండు వేర్వేరు కవర్లు, తర్వాతే బబుల్ చుట్టాలి. నూనె కారితే ఆ ఒక్కటే పోదు, బస్తాలో ఉన్న బట్టల పార్సిళ్లన్నీ రిటర్న్ అవుతాయి.

సీజన్ సంగతి విజయవాడకు ప్రత్యేకం. దేశమంతా పెద్ద సేల్ పెట్టేది దసరా ముందు. మన ఊళ్లో అప్పుడే ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తుతారు. మూలా నక్షత్రం రోజు ముందూ వెనకా వన్‌టౌన్, కెనాల్ రోడ్డు వైపు వాహనాలు మళ్లిస్తారు. ఆ రూట్ల పార్సిళ్లు తెల్లవారుజామునే బయటికి పంపాలి, లేదా ఆ రోజులకు డెలివరీ తేదీనే సిస్టమ్‌లో ముందుకు జరిపించాలి. ఈ మాట పైఆఫీసుకు పదిరోజుల ముందే చెప్పే ఇన్‌చార్జ్ ఉన్న హబ్ ప్రశాంతంగా ఉంటుంది. లోపల గోడౌన్‌లో ఇదే సమయానికి తాత్కాలిక మనుషులు దిగుతారు. శిక్షణ కుదించేస్తారు, ప్యాలెట్లు నడిచే దారుల్లోకి వచ్చేస్తాయి, తప్పు బిన్లు రెట్టింపవుతాయి. దసరా తర్వాత నెలంతా రిటర్న్‌లు. సంక్రాంతికి తిరకాసు ఇంకో రకం. కస్టమర్లు సొంతూళ్లకు వెళ్లిపోతారు, ఇళ్లకు తాళాలు, ఫోన్ చేస్తే ‘కనుమ అయ్యాక తీసుకురా బాబూ’ అంటారు. డెలివరీ కుర్రాళ్లూ పండక్కి వెళతారు. కాబట్టి భోగికి ముందు మూడు రోజుల్లో హబ్ ఖాళీ చేయాలి.

హబ్‌లో చేరేవాళ్లకు ఊరు తెలియడమే సగం పని. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో లైన్లు, అడ్డరోడ్లు నంబర్ల మీదే ఉంటాయి. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. తిరగేసి చదివితే అరగంట వృథా. ఫోన్ రిటర్న్ తీసుకునేటప్పుడు *#06# కొట్టి, తెర మీది ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) యాప్‌లోదానితో అంకె అంకె సరిచూడాలి. డబ్బా మీది నంబరు చూసి తీసుకుంటే లోపల వేరే ఫోన్ ఉండొచ్చు, ఆ డబ్బు మీ మెడకు చుట్టుకుంటుంది. సీఓడీ (పార్సిల్ ఇచ్చాక తీసుకునే) నగదు ఏ రోజుది ఆ రోజే కట్టి రసీదు ఫొటో ఉంచుకోండి. ఆలస్యమైన పార్సిల్‌కి ‘కస్టమర్ లేరు’ అని కొట్టమని ఎవరైనా చెబితే చేయకండి. కాల్ రికార్డు, లొకేషన్ రెండూ సిస్టమ్‌లో ఉంటాయి, పోయేది కొట్టినవాడి లాగిన్ ఐడీయే. పార్సిల్‌కి ఇంత అని తీసుకునే డెలివరీ పార్ట్‌నర్ పనికైతే సాధారణంగా పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు, పెట్రోలు, టైర్లు మీవే. రేటు వాటితో కలిపి బేరీజు వేసుకోవాలి.

క్యాంటీన్, షటిల్ బస్సు పర్వాలేదు. రామవరప్పాడు రింగ్ దగ్గర బస్సు తప్పితే ఆటో ఖర్చు మాత్రం గట్టిగా తగులుతుంది.

ఎదుగుదల గురించి అందరూ అడుగుతారు. టార్గెట్ దాటినవాళ్లందరికీ ప్రమోషన్ రాదు. వేగంగా తీసేవాడిని అక్కడినుంచి కదపడానికి సూపర్‌వైజర్ ఒప్పుకోడు. పైకి వెళ్లేది సమస్య విప్పగలిగినవాడు: దొరకని స్టాకు వెతికేవాడు, బిన్ ఆడిట్ తెలిసినవాడు, రిటర్న్‌లో ఏది మళ్లీ అమ్మవచ్చో ఏది పక్కన పెట్టాలో తేల్చగలిగినవాడు. అందుకే నేనైతే రిటర్న్స్ సెక్షన్‌నే సిఫారసు చేస్తాను. దుమ్ము ఎక్కువ, పేరు తక్కువ, కానీ ఇన్‌వార్డ్ నుంచి డెలివరీ దాకా ఎక్కడ ఏ తప్పు జరిగిందో అన్నీ ఆ టేబుల్ మీదికే వస్తాయి. దానికి తోడు ఎక్సెల్‌లో వీలుకప్ (జాబితాలో వెతికే ఫార్ములా), పివట్ (లెక్కలు గుదిగుచ్చే పట్టిక) నేర్చుకోండి. కొత్త హబ్ తెరిచినప్పుడు ముందు అడిగేది ఇలాంటివాళ్లనే, ఎదిగే కంపెనీలో ఉన్న అసలు లాభం కూడా అదే.

మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్‌తో పాటు, పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ ఎక్కిందో లేదో చూడండి. యజమాని ఎక్కించకపోతే రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మీరే ఎక్కించుకోవచ్చు. మనవాళ్ల క్లెయిములు ఎక్కువగా ఆగేది ఇంటిపేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఏజెన్సీవాళ్లు పొడి అక్షరం మాత్రమే ఎక్కిస్తారు. అది చేరిన వారంలోనే సరిచేయించుకుంటే పది నిమిషాల పని, ఏజెన్సీ మూతపడ్డాకైతే నెలల తరబడి తిరగాలి.