సివిలైజేషన్ 6తో ఐదేళ్లు: నేలను చూడటం వచ్చాకే ఆట వచ్చింది

2020 మే నెలలో ఎపిక్ స్టోర్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో సివిలైజేషన్ 6 అనే కంప్యూటర్ ఆటను ఒక వారం పాటు ఉచితంగా ఇచ్చారు. లాక్‌డౌన్‌లో ఇంటిపట్టున ఉన్న నాలాంటి వాళ్లు చాలామంది అప్పుడే తీసుకున్నారు. ఈ సిరీస్‌ను సిడ్ మయర్ 1991లో మొదలుపెట్టాడని, ఈ ఆరో ఆట 2016లో వచ్చిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పటికి 1300 గంటలు దాటాయి. ఇన్ని గంటలయ్యాక బొమ్మలు బాగున్నాయా, సంగీతం బాగుందా అని రాయడం నాకు అనవసరం అనిపిస్తోంది. రెండూ బాగున్నాయి. ఈ ఆటలో ఏది దేన్ని నడిపిస్తుందో, అది పట్టుకోవడానికి నాకెంత కాలం పట్టిందో, అదే రాస్తాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. క్రీస్తుపూర్వం 4000లో ఒక సెట్లర్, ఒక యోధుడితో ఆట మొదలవుతుంది. భూమి అంతా ఆరు మూలల గడులు. సెట్లర్‌తో ఊరు కట్టాలి, బిల్డర్లతో పొలాలు, గనులు వేయాలి, విద్యలు నేర్వాలి, పక్క రాజ్యాలతో స్నేహమో యుద్ధమో చేయాలి. ఎంతసేపు ఆలోచించుకున్నా ఎవరూ తొందరపెట్టరు. మామూలు వేగంలో మొత్తం 500 టర్న్‌లు, అంటే వంతులు.

అప్పుడు నేను కరీంనగర్ దగ్గర మా ఊళ్లో ఉండి ఆఫీసు పని చేస్తున్నాను. మొదటి ఆటలో రాజధానిని నదికి నాలుగు గడుల దూరంలో, కొండల మధ్య కట్టాను. శత్రువులు రాలేరని నా ఆలోచన. అరవయ్యో టర్న్‌కి పక్క రాజ్యాల ఊళ్లు పెరిగిపోతుంటే నా ఊరి జనాభా 3 దగ్గర ఆగిపోయింది. ఎందుకో అర్థం కాక తల పట్టుకున్నాను. మా బాపు చెరువు కింద నలభై ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి. కంప్యూటర్ ఆటలు ఆయనకు తెలియవు. వెనక నిలబడి కాసేపు చూసి, "ఏం బిడ్డా, పక్కన వాగు పెట్టుకొని ఊరు ఆ గుట్టల నడుమ ఎందుకు కట్టినవ్?" అన్నాడు.

"అక్కడైతే ఎవ్వరూ రాలేరు బాపూ."

"ముందుగాల నీళ్లు చూడాలె. కోట సంగతి తర్వాత."

ఆట నియమం సరిగ్గా అదే. నది, సరస్సు, ఒయాసిస్సు ఏదో ఒకటి పక్కన ఉంటే ఊరికి 5 హౌసింగ్, అంటే జనం ఉండటానికి చోటు, వస్తుంది. సముద్రపు ఒడ్డున 3. రెండూ లేకపోతే 2. రాజధానిలో రాజభవనం మరో 1 కలుపుతుంది. జనాభా ఆ హద్దుకు ఒక్క మెట్టు కింద ఉన్నప్పుడే పెరుగుదల సగానికి పడిపోతుంది. హద్దును తాకితే పావు వంతే మిగులుతుంది. నా ఊళ్లో తిండి దండిగా ఉంది. ఉండటానికి చోటే లేదు. ఇది తెరమీద ఒక చిన్న గుర్తులో కనిపిస్తుంది, కానీ అది చూడాలని తెలియని మనిషికి కనిపించదు. ఆట మొదట్లో వచ్చే ట్యుటోరియల్ బటన్లు ఎక్కడున్నాయో చూపిస్తుంది, ఊరు ఎక్కడ కట్టాలో చెప్పదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. మొదటి టర్న్‌లో నేను చేసే పని నేలను చూడటమే. నది ఎటు పారుతోంది, కొండలు ఎక్కడ గుంపుగా ఉన్నాయి, వరద మైదానం ఎంత మేర ఉంది, మంచి రాయి, గుర్రాలు ఎటున్నాయి. నీళ్ల దగ్గరికి వెళ్లడానికి ఒక టర్న్ పోతే పోనిస్తాను.

నీళ్ల సంగతి తెలిశాక అసలు పాఠం డిస్ట్రిక్టులు. అంతకుముందు వచ్చిన సివిలైజేషన్ 5లో బడి, గుడి, బజారు అన్నీ ఊరి గడిలోనే ఇమిడిపోయేవి. ఇందులో వాటికి ఒక్కోదానికి ఒక్కో గడి ఇవ్వాలి. చదువుకు క్యాంపస్, పూజకు హోలీ సైట్, వ్యాపారానికి కమర్షియల్ హబ్, ఉత్పత్తికి ఇండస్ట్రియల్ జోన్. దేని పక్కన పెట్టామన్నదాన్ని బట్టి దాని ఫలం మారుతుంది. క్యాంపస్‌కు పక్కనున్న ప్రతి కొండకూ 1 చొప్పున సైన్స్ పెరుగుతుంది. కమర్షియల్ హబ్ నదిని ఆనుకుని ఉంటే 2 బంగారం, హార్బర్ పక్కన ఉంటే ఇంకో 2. మూడు కొండల నడుమ పెట్టిన క్యాంపస్, మైదానంలో పెట్టిన క్యాంపస్, రెండింటికీ ఖర్చు ఒకటే. మొదటిది ఆట అయిపోయేదాకా ప్రతి టర్న్‌కీ 3 ఎక్కువ ఇస్తుంది. నేచురల్ ఫిలాసఫీ అనే పాలసీ కార్డు (రాజ్యం పాటించే విధానం) వేస్తే ఆ 3 కాస్తా 6 అవుతుంది. రెండొందల టర్న్‌లకు అది ఎంత అవుతుందో చూడండి.

ఇది చదివి అర్థం చేసుకోవడం తేలిక. చేతికి రావడానికి నాకు ఏడాది పట్టింది. ఎందుకంటే గడులు ఒకదానితో ఒకటి పోటీ పడతాయి. నేను బాగా దెబ్బతిన్న ఒక ఆట చెప్తాను. నది మలుపులో చక్కటి ఊరు. ఆనందంలో నదికీ ఊరికీ మధ్య ఉన్న గడిలో క్యాంపస్ కట్టేశాను, అక్కడ కొండ కూడా ఉంది కదా అని. డెబ్భై టర్న్‌ల తర్వాత ఆక్విడక్ట్ (ఊరికి నీళ్లు తెచ్చే కాలువ) కట్టాల్సి వచ్చింది. అది ఊరి కేంద్రాన్ని తాకుతూ ఉండాలి, ఇంకో వైపు నదినో సరస్సునో కొండనో తాకాలి. అలాంటి గడి ఆ ఊరికి ఒక్కటే ఉంది. అందులో నా క్యాంపస్ కూర్చుంది. ఒకసారి కట్టిన డిస్ట్రిక్టును పడగొట్టడం కుదరదు. ఆక్విడక్ట్ పోయింది, దాంతో రావాల్సిన హౌసింగ్ పోయింది. అంతకన్నా పెద్ద నష్టం ఇండస్ట్రియల్ జోన్‌ది. ఆటకు అదనంగా కొనుక్కునే గ్యాదరింగ్ స్టార్మ్ అనే విస్తరణలో ఇండస్ట్రియల్ జోన్‌కు పక్కన ఆక్విడక్ట్ ఉంటే 2, డ్యామ్ ఉంటే ఇంకో 2 ఉత్పత్తి వస్తుంది. రెండూ తాకేలా ఒక గడి చూసి పెట్టుకున్నవాళ్లకు 4. నాకు ఒకటి.

అందుకే ఇప్పుడు ముప్పయ్యో టర్న్ లోపే మ్యాపు మీద పిన్‌లు గుచ్చేస్తాను. ఇక్కడ ఆక్విడక్ట్, ఇక్కడ డ్యామ్, మధ్యలో ఇండస్ట్రియల్ జోన్, ఆ కొండల దగ్గర క్యాంపస్. అవి కట్టే విద్య రావడానికి ఇంకా వందేళ్లో వెయ్యేళ్లో పట్టొచ్చు. చోటు మాత్రం ఇప్పుడే ఆపి ఉంచాలి. ఈ పిన్‌లు పెట్టే ఇరవై నిమిషాలే నాకు ఆట మొత్తంలో అన్నిటికన్నా ఇష్టం.

దీనికి జతగా ఇంకో సంగతి ఉంది, ఇది నాకు రెండేళ్లు తెలియలేదు. డిస్ట్రిక్టు ధర మనం నేర్చిన విద్యలతో పాటు పెరుగుతూ పోతుంది. కానీ చోటు ఎంచుకుని పునాది వేసిన క్షణాన ఆ ధర అక్కడే ఆగిపోతుంది. తర్వాత పని ఆపి సెట్లర్‌నో సైనికుడినో తయారు చేసుకున్నా ధర పెరగదు. ఒక ఊళ్లో జనాభా 1 ఉంటే ఒక డిస్ట్రిక్టు, 4కి రెండోది, 7కి మూడోది కట్టనిస్తారు. కాబట్టి జనాభా 4కి చేరిన టర్న్‌లోనే పునాది వేసేయాలి. ఇది తెలిశాక నా ఊళ్లు నాలుగైదు డిస్ట్రిక్టులతో నిండటం మొదలైంది. ఇంత ముఖ్యమైన సంగతి ఆటలో ఎక్కడా ఎదురుగా చెప్పరు.

విద్యల దగ్గర నాకు బాగా నచ్చింది యురేకా. ఒక విద్యకు సంబంధించిన పని చేతులతో చేస్తే ఆ విద్యలో 40 శాతం మనకు వచ్చేసినట్టే. మొదట్లో ఇది 50 శాతం ఉండేది, రైజ్ అండ్ ఫాల్ అనే ఇంకో విస్తరణతో తగ్గించారు. సముద్రం ఒడ్డున ఊరు కడితే సెయిలింగ్‌కు, క్వారీ తవ్వితే మేసనరీకి, పశువుల మేత భూమి వేస్తే హార్స్‌బ్యాక్ రైడింగ్‌కు, వడిసెలవాడితో ఒక శత్రువును చంపిస్తే ఆర్చరీకి. అంటే మన నేల ఎలాంటిదో మన చదువు అలా నడుస్తుంది. సముద్రం ఒడ్డు మనుషులు ఓడలు ముందు నేర్చుకుంటారు, రాళ్ల సీమవాళ్లు గోడలు కట్టడం ముందు నేర్చుకుంటారు. ఒక విద్యను 60 శాతం దాకా చదివి ఆపేసి, యురేకా వచ్చాక దాన్ని పూర్తి చేసుకోవడం పాత ఆటగాళ్ల అలవాటు. అది నాకూ అలవాటైంది. ఆరు పొలాలు వేస్తే ఫ్యూడలిజానికి (భూస్వామ్య వ్యవస్థకు) ఇలాంటి ఊతమే దొరుకుతుంది. ఫ్యూడలిజం వచ్చాక పొలాలను మూడు మూడుగా ఒకదాన్ని ఒకటి ఆనుకునేలా వేస్తే తిండి పెరుగుతుంది. సర్ఫ్‌డమ్ కార్డుతో కొత్త బిల్డర్లకు రెండు పనులు అదనంగా దొరుకుతాయి. ఈ మూడూ ఒకేసారి కలిసొచ్చే ఆ పది టర్న్‌లలో రాజ్యం ఒక్కసారిగా కదులుతుంది.

యుద్ధం గురించి నేను ఎక్కువ రాయను, ఎందుకంటే నాకు దాని మీద మక్కువ తక్కువ. లెక్క మాత్రం సులువు. ప్రతి దళానికి 100 ప్రాణం. సమానమైన బలం ఉన్న ఇద్దరు కొట్టుకుంటే సుమారు 30 పోతుంది. మెరక మీదో అడవిలోనో నిలబడితే 3, రెండు టర్న్‌లు కదలకుండా కాపు కాస్తే 6 బలానికి కలుస్తుంది. నేల చూసుకుని నిలబడినవాడికి తక్కువ మందితోనే ఊరు నిలుస్తుంది. కొత్తవాళ్లను ముంచేది అనాగరిక తెగల వేగుచూసేవాడు. వాడు మన ఊరిని చూసి తిరిగి శిబిరానికి చేరాడంటే వెనకే గుంపు వస్తుంది. వాడు చేరకముందే చంపాలి, లేదా దారికి అడ్డం నిలబడాలి. మొదటి నలభై టర్న్‌లలో ఇంతకన్నా టెన్షన్ పెట్టేది ఏదీ లేదు.

ఇండియాతో ఆడటం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. గాంధీ మొదటి నుంచీ ఉన్నాడు, చంద్రగుప్తుడు 2018లో రైజ్ అండ్ ఫాల్‌తో వచ్చాడు. ఇండియాకు మాత్రమే ఉన్న కట్టడం దిగుడుబావి. కొండ మీద కుదరదు, రెండు బావులు పక్కపక్కన కుదరవు. ఒక్కోటి తిండినీ హౌసింగ్‌నూ పెంచుతుంది. పొలం పక్కన ఉంటే తిండి ఇంకా పెరుగుతుంది. నీళ్లు లేని చోట కట్టిన ఊరిని బావులతో నిలబెట్టడం నేను ఇండియాతోనే నేర్చుకున్నాను. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట బావిని చెత్తంతా తీసి 2022లో మళ్లీ తెరిచినప్పుడు చూడటానికి వెళ్లాను. ఆ మెట్ల మీద కూర్చుంటే ఆటలో ఆ చిన్న బొమ్మ గుర్తొచ్చింది. ఇక నాకున్న కోరిక కాకతీయులు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించినవాళ్లకు, నేలనూ నీళ్లనూ చూసి ఊళ్లు నిలిపినవాళ్లకు, ఇంతకన్నా సరిపోయే ఆట ఏముంది? చెరువు అనే ఒక కట్టడం, దాని దిగువన ఉన్న పొలాలన్నిటికీ తిండి. ఆ నియమాన్ని నేను ఎన్నిసార్లో కాగితం మీద రాసుకున్నాను.

ఇప్పుడు నచ్చనివి. కంప్యూటర్ నడిపే రాజులు యుద్ధం బాగా చేయలేరు. గోడలున్న ఊరి మీదికి సరైన ఆయుధాలు లేకుండా వచ్చి దళాలన్నీ పోగొట్టుకుంటారు. కష్టం పెంచితే వాళ్ల తెలివి పెరగదు, వాళ్లకిచ్చే కానుకలు పెరుగుతాయి. అన్నిటికన్నా పైదైన డీటీ స్థాయిలో మనం ఒక సెట్లర్‌తో మొదలుపెడితే వాళ్లు మూడింటితో మొదలుపెడతారు. మొదటి వంద టర్న్‌లు ఊపిరాడదు, వాళ్లను దాటామంటే తర్వాత పోటీయే ఉండదు. చివరి వంద టర్న్‌లు నాకు బరువు. పది ఊళ్లలో ఏం కట్టాలో చెప్పి, చెప్పి, గెలుస్తామని తెలిసిన ఆటను చివరిదాకా లాగాలి. నా ఆటల్లో సగం ఆ దశలోనే వదిలేశాను. మామూలు ల్యాప్‌టాప్‌లో పెద్ద మ్యాపు పెట్టుకుంటే అప్పటికి ఒక్కో టర్న్‌కి వేచి ఉండటం కూడా ఎక్కువవుతుంది.

కొనేవాళ్లకు ఒక మాట. ఒట్టి మూల ఆట కొనకండి. రైజ్ అండ్ ఫాల్, గ్యాదరింగ్ స్టార్మ్ రెండూ కలిపి ఉన్న మూట కొనండి, డిస్కౌంట్ ఉన్నప్పుడు చాలా తగ్గుతుంది. మొదటిదానితో లాయల్టీ, అంటే ఊరికి మన మీద ఉండే విధేయత, వచ్చింది. తొమ్మిది గడుల లోపు ఉన్న ఊళ్ల జనాభా ఒకదాన్ని ఒకటి లాగుతుంది, అందుకే పరాయి రాజ్యం పక్కన ఒంటరిగా ఊరు కడితే అది తిరగబడి పోతుంది. రెండోదానితో వరదలు, అగ్నిపర్వతాలు వచ్చాయి. వరద పొలాన్ని పాడుచేస్తుంది, పోతూ పోతూ ఒండ్రు వేసి ఆ గడిని సారవంతం చేస్తుంది. ఏడో ఆట 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అది వచ్చినప్పుడు అందులో యుగం మారినప్పుడల్లా నాగరికతను మార్చుకోవాల్సి ఉండేది. ఒకే రాజ్యాన్ని, ఒకే నదిని మొదటి నుంచి చివరిదాకా చూసుకోవడం ఇష్టమైన నాకు ఆరే దగ్గరైంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ప్రిన్స్ స్థాయి పెట్టుకోండి, అక్కడ ఎవరికీ కానుకలుండవు. చిన్న మ్యాపు, మామూలు వేగం. మొదటి ఆటను గెలవడానికి కాకుండా వంద టర్న్‌లు ఆడి ఆపేయడానికి ఆడండి. ఆపాక మీ ఊళ్ల మీద మౌస్ పెట్టి ఒక్కో డిస్ట్రిక్టుకు ఎంత వస్తోందో చూడండి. అదే మ్యాపును మళ్లీ మొదటి నుంచి ఆడే వీలుంది. రెండోసారి సెట్లర్‌ను ఎక్కడ దింపుతారో, పిన్‌లు ఎక్కడ గుచ్చుతారో కాగితం మీద గీసుకుని మొదలుపెట్టండి.